పసుపు కాగితం మీద ఎర్ర వేలు

మొన్న జిరాక్సు అంగట్లో నా ముందు నిలబడిన కుర్రవాడు ఫోనుకు వచ్చిన రహస్య నంబరును వీధి చివరికి వినపడేలా రెండుసార్లు చదివాడు. అంగడివాడు రాసుకున్నాడు. పాడైపోయిన కాపీలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఎవరి పుట్టిన తేదీ, ఎవరి తండ్రి పేరు, ఎవరి ముఖం, అన్నీ మా చెప్పుల కింద. నాకు ఒళ్ళు మండింది. అడిగితే అంగడివాడు నవ్వాడు. "దాచుకునేదానికి మా కాడ ఏముండాది తాతా?" అన్నాడు.

ఈ మాట నేను ఇప్పుడు కొత్తగా వినడం లేదు. తప్పు చేసినవాడికే తలుపు కావాలని, మంచివాళ్ళ ఇల్లు ఎప్పుడూ తెరిచే ఉండాలని వీళ్ళ అభిప్రాయం. చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అంటారు. నేను చదువుకోలేదు కాబట్టి వాదించను. మా అక్క సంసారం ఒక అంగట్లో ఎలా విరిగిపోబోయిందో చెబుతాను, అంతే.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వేరుపడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. తిరుత్తణి ఆంధ్రలో ఉంది, తిరువళ్ళూరు మద్రాసులో. మా వైపు ఊళ్ళు చివరికి ఎవరికి పోతాయో అని టీ అంగళ్ళలో రోజూ కొట్లాటే. మాది అత్తిమంజేరిపేట. నాకు ఇరవై ఏళ్ళు. అయిదో తరగతితో మా నాయన బడి మాన్పించాడు. ఆ తర్వాత నేను నేర్చిందంతా పొట్లాల కాగితాల మీదా, గోడల మీదా, అంగళ్ళ బోర్డుల మీదా చదివి నేర్చిందే. తిరువళ్ళూరు బజారులో ఒక తాళాల అంగట్లో పనికి కుదిరాను. తాళాల డబ్బాల మీది ఇంగ్లీషును కూడా వదలకుండా కూడబలుక్కునేవాణ్ణి.

మా మేస్త్రీ అరవాయన. అమావాస్యకు గుడికి వచ్చే జనంలో తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళతోనే ఆయనకు సగం బేరం నడిచేది. ఆయన దగ్గర విచిత్రమైన తాళాలు ఉండేవి. ఒకదానికి చెవి దూర్చే రంధ్రాలు రెండు. పైకి కనిపించేది ఉత్తిది, అసలుది బిళ్ళ కింద. ఇంకొకదానిలో తప్పు చెవి పెట్టి తిప్పితే అది లోపలే ఇరుక్కుపోయేది. దొంగ పారిపోయినా వాడి చెవి మాత్రం మనకు దొరుకుతుంది. పెట్టె మూతకు వెంట్రుక అంటించి పోతే, మనం లేనప్పుడు ఎవరైనా తెరిచిందీ లేనిదీ తెలుస్తుందని చెప్పింది కూడా ఆయనే. "తంబీ, తెరిచినవాణ్ణి ఆపడం మనవల్ల కాదు. తెరిచాడని తెలియాల, అది పోదుమా?" అనేవాడు. అది చాలు కదా అని ఆయన అర్థం.

మా అక్కను కే.జీ.కండిగైలో ఇచ్చారు. బావ పట్టాళంలో లారీ డ్రైవరు, జబల్పూరులో. ఇంట్లో అక్క, ఆమె అత్త, ఇద్దరే. అత్త మనిషి గట్టిది. భర్త పోయినప్పటి నుంచి అయిదెకరాల సేద్యం ఒంటిచేత్తో నడిపింది. చదువు రాదు. అక్క ఎనిమిదో తరగతి దాకా చదివింది.

సంత రోజున నేను అప్పుడప్పుడు అక్కను చూడడానికి పోయేవాణ్ణి. తిరువళ్ళూరులో పాసింజరెక్కి, అరక్కోణంలో బండి మారి, తిరుత్తణిలో దిగి, సంతకు పోయే ఎద్దులబండి ఏదైనా దొరికితే ఎక్కేవాణ్ణి. అలా ఒకసారి పోయేసరికి అక్క పెరట్లో కూర్చుని ఉంది. ఆమె ముఖం చూస్తే మూడు రోజులుగా అన్నం తినని దానిలా ఉంది. నన్ను చూసి కొంగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చింది.

బావ రాసినది. నాలుగే వాక్యాలు. తాను ఆమెకు రాసే ప్రతి మాటా ఊరంతా తిరిగి, పక్క బారకాసులో ఉన్న మన వైపు మనిషి నోట తన చెవికే వస్తోందనీ, ఇలా అయితే ఇక రాయననీ, సంసారానికి క్వార్టర్సు ఇచ్చే వరుసలో తన వంతు వస్తోంది గానీ దాన్ని వదులుకుంటాననీ. అది వచ్చి అప్పటికే రెండు నెలలు. తర్వాత ఉత్తరం లేదు.

"ఏమి రాసినాడక్కా ముందు?" అన్నాను.

"జరమొచ్చి ఆస్పత్రిలో పండుకున్నెప్పుడు గోడ తట్టు తిరిగి ఏడ్సినానని రాసినాడు. నాకొక్కదానికే రాసినాడు రా. వారం తిరక్కుండా టీ అంగడి కాడ మొగోళ్ళు, 'పట్టాళపాయన ఏడుస్తాండాడంట గదా' అని నవ్వినారు. ఇంకోతూరి, క్వార్టర్సు చిన్నది, ముందు నిన్నొక్కదాన్నే పిలిపించుకుంటానని రాసినాడు. నేను అత్తకు నెమ్మదిగా చెబదామనుకుంటే, ఆమె నాకంటే ముందే విని ఇంటికొచ్చింది. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడ్లేదు."

"ఎవురు చెప్పింటారు?"

అక్క గొంతు తగ్గించింది. "ఇంకెవురు? అత్తే తెరిచి పక్కింటి పిల్ల కాడ చదివించుకుంటాంది. అంగట్నుంచి జాబు తెచ్చేది ఆమే గదా."

ఆ ఊరికి టపా వచ్చే పద్ధతి చెప్పాలి. టపా మనిషి తిరుత్తణి నుంచి వారానికి మూడు రోజులు సైకిలు మీద వచ్చేవాడు. ఇల్లిల్లూ తిరిగేవాడు కాడు. ఊరి నడుమ టీ కూడా కాచే ఒక చిల్లర అంగడి ఉండేది. ఉత్తరాలన్నీ అక్కడ పెట్టి పోయేవాడు. ఉప్పుకో చింతపండుకో పోయినవాళ్ళు ఎవరివి వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఆ అంగడాయనను ఊరంతా మామా అని పిలిచేది. చదువు లేని ఊరికి ఇరవై ఏళ్ళుగా ఉత్తరాలు చదివి పెట్టింది ఆయనే. దమ్మిడీ కూడా తీసుకునేవాడు కాడు.

నేను పాత కవర్లు తెప్పించి చూశాను. తాళాల పని చేసే కన్ను కదా. మూత అంచున పోస్టాఫీసు జిగురు ఉంది, దాని మీద ఇంకొక పొర ఉంది. గోటితో గీకితే అన్నం మెతుకు పొడి రాలింది. ఆవిరి పట్టి తెరిచి, మెతుకు రాసి మళ్ళీ మూశారు. తిరువళ్ళూరికి పోయి మేస్త్రీని అడిగితే ఆయన నవ్వాడు. కవరుకు ఆవిరి, ఇన్‌లాండుకు చీపురుపుల్ల అన్నాడు. అంటించని పక్కన పుల్ల దూర్చి కాగితాన్ని దానికి చుట్టి సగం చదవవచ్చునట. నా ముందే చేసి చూపించాడు. నాకు ఇంత సులువా అని కోపం వచ్చింది.

వెంట్రుక పెట్టి చూశాను. నేను తిరువళ్ళూరు నుంచి రాసిన కవరు అక్కకు చేరేసరికి అందులో వెంట్రుక లేదు, సరే. కానీ లేనంత మాత్రాన ఏం తెలిసింది? దారిలో ఎక్కడైనా రాలిపోయి ఉండవచ్చు. మసి పూద్దామా అన్నాడు మేస్త్రీ. మసి పూసిన ఉత్తరాన్ని ఎవరు ముట్టుకుంటారు?

ఆ వారమే మేస్త్రీ కూతురు పురుడు పోసుకుని బిడ్డతో ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబెట్టి దిష్టి తీయడానికి ఆయన భార్య పళ్ళెంలో నీళ్ళు కలుపుతోంది. పసుపు నీళ్ళలో రవ్వంత సున్నం వేసింది. నీళ్ళు నెత్తుటిలా ఎర్రబడ్డాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళందరి వేలికీ తమలపాకుకు రాసుకున్న సున్నం ఉంటుంది. కాగితానికి పసుపు ఉంటే?

పసుపు పూసిన ఉత్తరాన్ని అనుమానించేవాడు మన దేశంలో ఎవడున్నాడు! శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టకపోతేనే తప్పు. కవరు మూలలకు పసుపు పెట్టాను. లోపలి కాగితానికి రెండు వైపులా పొడి పసుపు బాగా రుద్ది దులిపాను. ఉత్తరంలో ఒక అబద్ధం రాశాను. నాకు తామరైపాక్కం పిల్లతో పెళ్ళి కుదిరిందనీ, ఇంకా ఎవరికీ చెప్పలేదనీ, ముందు నీకే రాస్తున్నాననీ. అలాంటి పిల్ల లేదు. ఆ ఊరిని కోసస్తలై ఏటి కట్ట మీద నుంచి ఒకసారి చూశాను, అంతే. ఉత్తరం వస్తే తెరవకుండా ఉలవల కుండలో పెట్టు, నేను వచ్చేదాకా వేలు కూడా తగిలించవద్దని అక్కకు ముందే చెప్పి వచ్చాను.

సంత రోజున తిరుత్తణిలో దిగి బండెక్కితే, బండి తోలేవాడు వెనక్కు తిరిగి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"ఏమబ్బోడా, పెండ్లంట గదా! తామరైపాక్కం పిల్లంట. మా ఊరి ఆడపిల్లోళ్ళు కంటికి ఆనలేదా?"

"నీకెవురు చెప్పినారన్నా?"

"ఎవురు చెప్పేదేంది, ఊరంతా అంటాంటే! పసుపు కవరు వచ్చిందంట. మాకు భోజనాలు యాడ పెడతావు, అది చెప్పు."

పసుపు కవరును చూసి పెళ్ళి అనుకోవచ్చు. తామరైపాక్కం అని కవరు మీద రాసి లేదు. బండి అక్క ఇంటికి చేరేలోపల నాకు రక్తం పొంగింది. ఉలవల కుండలోంచి కవరు తీసి చింపాను. కాగితం అడుగున, కుడి మూలలో, మడత పట్టుకునే చోట ఎర్రటి బొటనవేలు. వెనక రెండు చిన్న మచ్చలు. గీతలతో సహా పడ్డాయి.

అత్త పశువులకు గడ్డి వేసి లోపలికి వస్తోంది. నేను ఆగలేదు. ఆ వయసులో ఆగడం నాకు రాదు, ఈ వయసులో కూడా పూర్తిగా రాలేదు.

"అత్తా, ఇది నీ వేలు గదా? నీ కొడుకు కోడలికి రాసే జాబులు పక్కింట్లో చదివించుకునేదానికి నీకు సిగ్గు ల్యా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకుని పసుపు, సున్నం, అంతా గొప్పగా వివరించాను. అత్త విన్నది. చేతిలోని గంప దించి, రెండు చేతులూ నా ముందు చాపింది. గడ్డి కోసుకున్న గీతలు, మట్టి.

"మీ మామ పోయి పదకొండేండ్లాయ నాయనా," అన్నది మెల్లగా. "ఆ పొద్దు నుంచి ఈ చేతికి సున్నం తగల్లేదు. మొగుడు పోయినోళ్ళు ఆకువక్క ఎయ్యగూడదని నీకు మీయమ్మ చెప్పలేదా?"

అందరికీ తెలిసిన మర్యాద. మా ఇంట్లో మా నాయనమ్మ కూడా అలాగే బతికింది. ఉచ్చు పన్నడంలో ఎంత తెలివి చూపించానో, అందులో ఎవరు పడగలరో ఆలోచించడంలో అంత గుడ్డివాణ్ణయ్యాను. అది జరిగి డెబ్భై ఏళ్ళు కావస్తున్నా ఆ చేతులు గుర్తొస్తే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

అక్క ఏడుస్తూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. "నేనూ నిన్నే అనుకున్నానత్తా."

"నేను మాత్రం ఏమనుకున్నాను? నువ్వే నీళ్ళ కాడ ఆడోళ్ళకు చెప్పుకుంటాండావని అనుకున్నా. నా కొడుకు ఏడ్సింది ఊరికి చెప్పే పెండ్లామా ఇది అని రెండు నెల్లు నీ ముకం చూళ్ళేదు." అత్త కాగితం తీసుకుని వెలుగులో పట్టుకుంది. చదవడానికి కాదు, వేలిని చూడడానికి. "టపా మనిషికి బీడీ తప్ప ఇంకోటి తెలవదు. ఆయన చేతి నుంచి యాడికి పోతాది? అంగటికి. అంగట్నుంచి నాకు." కొంగు సర్దుకుంది. "పాండి."

అంగట్లో అయిదారుగురు ఉన్నారు. టీ బాయిలరు ఆవిరి కక్కుతోంది. మామ తమలపాకు తొడిమ తుంచి సున్నం రాస్తున్నాడు. నన్ను చూసి, "రా కొత్త పెండ్లికొడకా!" అన్నాడు. అందరూ నవ్వారు.

అత్త కాగితాన్ని బల్ల మీద పరిచింది. "అన్నా, దీనిమింద ఒకతూరి నీ ఏలు పెట్టు."

"ఏమ్మా, ఇది అంగడనుకున్నావా, రిజిస్ట్రాఫీసనుకున్నావా?"

"పెట్టన్నా."

ఆయన నవ్వుతూనే పెట్టాడు. తీసేసరికి పాత ముద్ర పక్కన కొత్తది తడిగా ఎర్రబడుతోంది. రెండూ ఒకటే. పక్కన ఉన్న ముసలాయన ఒకడు వంగి చూసి, టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇక ఎవరూ నవ్వలేదు.

మామ సున్నం వేలిని పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "అయితే ఏమిప్పుడు? ఈ ఊరి జాబులు ఇరవై ఏండ్లు చదివింది ఎవురు? మీ ఆయన పోయినాడని తంతి వస్తే నీకు చదివి చెప్పింది ఎవురమ్మా? నేను గాదా? ఇప్పుడు సదువుకున్న కోడండ్లు వచ్చినారు, మామతో పని ల్యా. ఊర్లో ఏమి జరగతాండాదో నాకు తెలవగూడదా?"

ఆ మాటలో నిజంగా బాధ ఉంది. నాకు అప్పుడు వినపడలేదు గానీ ఇప్పుడు వినపడుతోంది. ఊరి కన్నీళ్ళూ సంతోషాలూ ముందుగా తన చేతిలో తెరుచుకోవడం ఆయనకు అలవాటైపోయింది. జనం ఉత్తరాలు తెచ్చి ఇవ్వడం తగ్గాక, తానే తెరుచుకోవడం మొదలుపెట్టాడు.

అత్త మాత్రం తగ్గలేదు. "ఆ తంతి నేను నీ చేతికిస్తే చదివినావన్నా. ఆ మేలు నేను మరవలే. ఇది నేనియ్యలేదు. నా కోడలియ్యలేదు. నా బిడ్డ గోడతో చెప్పుకున్న ఏడుపును నువ్వు టీతో కలిపి పోసినావు."

నేను ఊరుకోలేక, పోస్టాఫీసుకు అర్జీ పెడతాననీ, పోలీసుల్ని పిలుస్తాననీ కేకలు వేశాను. అత్త నన్ను ఒక్క చూపుతో ఆపింది. "నువ్వుండు. ఇందాక నీ పోలీసుతనం చూసినా గదా." మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "సదివేది వచ్చినోడికి రాసేదీ వస్తాది. నా కొడుక్కు రాయన్నా. తెరిచింది నేనే, మీ ఇంటిది గాదు, మీయమ్మ గాదు అని నీ చేత్తోనే రాయి."

ఆయన అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ ఆయన తరఫున మాట్లాడలేదు. ఆయన తరఫున మాట్లాడదగ్గవాళ్ళందరి ఉత్తరాలూ ఆ అంగట్లోకే వస్తాయి కదా, వాళ్ళకు ఎవరివి వాళ్ళకు గుర్తొస్తున్నాయి. కాసేపటికి గల్లా కిందినుంచి కాగితం తీశాడు. చేయి కడుక్కుని వచ్చి రాశాడు. పెద్దది కాదు. అక్క గట్టిగా చదివింది. చివర ఆయన తనంతట తానే ఒక మాట చేర్చాడు, 'నీ ఏడుపును ఎగతాళి చేసినవాడిని నేను, నన్ను తిట్టు, ఇంట్లోవాళ్ళను కాదు' అని. ఆ మాటను అక్క రెండుసార్లు చదివింది. ఆయన తల వంచుకున్నాడు.

ఆ ఉత్తరాన్ని నేనే జేబులో పెట్టుకుని తీసుకుపోయి అరక్కోణం స్టేషన్లో డబ్బాలో వేశాను. వేశాక కూడా డబ్బా లోపలికి పడిందో లేదో అని వంగి చూశాను.

మధ్యలో నా పెళ్ళి గొడవ ఒకటి. ఆ అబద్ధం కండిగై దాటి, పళ్ళిపట్టు వైపు బళ్ళెక్కి మా ఊరు చేరిపోయింది. మా అమ్మ తిరువళ్ళూరు అంగటికే వచ్చి, మేస్త్రీ ముందు నన్ను నిలబెట్టి, "ఎవురురా ఆ తామరైపాక్కం పిల్ల? మాకు చెప్పకుండా పసుపు పూసి జాబులు రాస్తాండావంట?" అని అడిగింది. మేస్త్రీ నవ్వలేక దగ్గు వచ్చినట్టు లోపలికి పోయాడు. లేదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒక ఏడాది నమ్మలేదు.

కండిగైలో మటుకు ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ఎవరూ సభ పెట్టలేదు, తీర్మానం చేయలేదు. వచ్చే వారం టపా మనిషి అంగటి దగ్గర సైకిలు దిగబోతే, ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు దారిలోనే నిలబడి ఎవరివి వాళ్ళు అడిగి తీసుకున్నారు. ఆయన గొణిగాడు గానీ, రెండు వారాలకు వీధులు తిరగడం మొదలుపెట్టాడు. చదువు రానివాళ్ళు కొందరు తర్వాత కూడా మామ దగ్గరికే ఉత్తరాలు తీసుకుపోయేవాళ్ళు. ఆయన చేయి కడుక్కుని, వాళ్ళ ముందే చింపి, గొంతు తగ్గించి చదివేవాడు. అది చూసిన నాడు నాకు మనుషుల మీద కొంచెం నమ్మకం కలిగింది. ఇంకా పూర్తిగా పోలేదు.

బావ దగ్గర నుంచి జవాబు రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా అత్తా కోడలూ ఒకరితో ఒకరు జాగ్రత్తగా మాట్లాడుకునేవాళ్ళు, కొత్తగా పరిచయమైనవాళ్ళలాగా. సైకిలు గంట వినపడితే ఇద్దరూ ఒకేసారి గడపలోకి వచ్చేవాళ్ళు. జవాబు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. రెండు కవర్లు వచ్చాయి. ఒకటి అక్క పేరున, ఒకటి అత్త పేరున. అత్త పేరున ఉత్తరం రావడం ఆమె జన్మలో అదే మొదటిసారి. తిప్పి తిప్పి చూసుకుంది. మూత అంచును గోటితో తడిమింది.

అక్క తనది తీసుకుని పెరట్లోకి పోయింది. మేమిద్దరం వసారాలో కూర్చున్నాం. అక్కడ నుంచి కాగితం చప్పుడు ఒకసారి వినపడింది. నాకు లేచి పోయి అడగాలనిపించింది. అత్త నా మోకాలి మీద చేయి వేసింది. ఆ ఉత్తరంలో ఏముందో నాకు ఈ రోజు వరకూ తెలియదు. నేను అడగలేదు, అక్క చెప్పలేదు.

వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలుగుతోంది. అత్త తన కవరును ఆమె చేతికి ఇచ్చింది. "నేనే ఇస్తాండా. సదువు," అన్నది. అక్క చింపి, మొదటి రెండు వాక్యాలు తనలో చదువుకుని, ఆగి, నవ్వింది.

"అత్తా, ఆడ చలి జాస్తి అంట. మనకు ఎన్ని దుప్పట్లుండాయి?"

"మనకా?"

"మనకే. రెండు రూములంట. ఇద్దర్నీ రమ్మన్నాడు."

అత్త కొట్టం వైపు చూసింది. "ఎద్దుల్ని ఎవురు చూస్తారే?" అని ఒకసారి, "వరి కయ్యి కోతకొచ్చె గదా" అని ఒకసారి అన్నది. జవాబు కోసం ఆగలేదు. లేచి, అటక మీది దుప్పట్లు ఒక్కొక్కటిగా లాగి ఎండలో వేయడం మొదలుపెట్టింది.